కొత్త రాజ్యాలు తర్వాత, ముందు మ్యాచ్ చివరిదాకా నడవనివ్వండి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి కొత్త డీఎల్‌సీ (విడిగా కొనుక్కునే అదనపు భాగం) ప్రకటన వచ్చిన ప్రతిసారీ కింద వ్యాఖ్యల్లో ఒకటే గోల: "రాజ్యాలు సరే, పాత్‌ఫైండింగ్ (సైనికులు దారి వెతుక్కుని నడిచే తీరు) సంగతేంటి?" ఇది 1999 సెప్టెంబరులో వచ్చిన వ్యూహ ఆట: ఒక రాజ్యాన్ని ఎంచుకుని, వనరులు కూడబెట్టి, సైన్యంతో ఎదుటివాళ్లను ఓడించాలి. తయారుచేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ 2009లోనే మూతపడింది. ఆట మాత్రం ఆగలేదు. 2013లో హెచ్‌డీ ఎడిషన్, 2019 నవంబరు 14న డెఫినిటివ్ ఎడిషన్, 2023లో ఎక్స్‌బాక్స్, ఆ తర్వాత ప్లేస్టేషన్ 5. పాతికేళ్లు దాటిన ఆన్‌లైన్ ఆటలో దేన్ని బాగుచేస్తే జనం నిలుస్తారో, దేన్ని కదిలిస్తే ఇంకోటి చెడుతుందో చూడ్డానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆట మానేసినవాళ్లను కారణం అడిగి చూడండి. "కొత్త రాజ్యాలు రావట్లేదు" అనేవాళ్లు అరుదు. ముప్పావుగంట ఆడాక ఎవరి కంప్యూటరో పడిపోయి మ్యాచ్ మొత్తం పోయిందంటారు. పది నిమిషాలు క్యూలో కూర్చుంటే తమకంటే ఎక్కడో పైనున్నవాడు తగిలాడంటారు. నైట్లను (గుర్రపు సైనికులను) శత్రువు మీదికి పంపితే ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ నిలబడ్డాయంటారు. నా దృష్టిలో మెరుగుల వరస కూడా ఇదే. మొదలైన మ్యాచ్ పూర్తవాలి. జోడీ సరిగ్గా కుదరాలి. చెప్పిన మాట సైనికుడు వినాలి. గ్రాఫిక్స్, కొత్త రాజ్యాలు, పండగ ఈవెంట్లు ఈ మూడింటి వెనకే.

ఎనిమిది కంప్యూటర్లు, ఒకే లెక్క

ఈ ఆట నెట్‌వర్క్ పద్ధతి తెలియకపోతే ఏ మెరుగు ఎంత కష్టమో అంచనా దొరకదు. కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో అసలు ఆట సర్వర్‌లో జరుగుతుంది. ఎవరు ఎక్కడున్నారో అది మన కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. ఏజ్‌లో అలా కాదు. ఆడుతున్న ప్రతి ఒక్కరి కంప్యూటరూ మొత్తం ఆటను సొంతంగా నడుపుతుంది: అందరి సైన్యాలు, గొర్రెలు, జింకలు, ఎంత నరికారో ఆ చెట్లతో సహా. నెట్ మీద పోయేవి ఆజ్ఞలు మాత్రమే. "ఈ పదిమంది ఆర్చర్లు అక్కడికి", "ఇక్కడ ఇల్లు కట్టు", అంతే. దీన్ని లాక్‌స్టెప్ అంటారు.

ఎందుకిలా చేశారంటే అప్పటి మోడెంల వల్ల. మొదటి ఏజ్‌ను 16 ఎంబీ ర్యామ్, పెంటియం 90 ప్రాసెసర్, 28.8 మోడెం ఉన్న కంప్యూటర్‌లో ఆడేలా రూపొందించారు. ఒక్కో యూనిట్ స్థానం, దిశ, ప్రాణం, చేస్తున్న పని పంపుతూ పోతే ఆ మోడెం మీద 250 కదిలే యూనిట్లకు మించి కుదరదని ఇంజినీర్లు లెక్కేశారు. ఆజ్ఞలే పంపితే సైన్యం ఎంత పెరిగినా నెట్‌కు బరువు పెరగదు. ఇవాళ 8 మంది తలో 200 జనాభాతో, అంటే 1600 యూనిట్లతో కొట్టుకుంటున్నా, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ల డేటా ప్యాక్ పెద్దగా తరగకపోవడానికి కారణం ఇదే.

ఇందులో ఇంకో ఏర్పాటు ఉంది. మీరు క్లిక్ చేసిన ఆజ్ఞ ఆ క్షణమే అమలు కాదు. ఆటను చిన్న చిన్న టర్న్‌లుగా కోశారు. అసలు రూపకల్పనలో ఒక్కో టర్న్ 200 మిల్లీసెకన్లు. 1000వ టర్న్‌లో ఇచ్చిన ఆజ్ఞ 1002వ టర్న్‌లో, అందరి కంప్యూటర్లలో ఒకేసారి అమలవుతుంది. ఆ మధ్య సమయంలో ఆజ్ఞ అందరికీ చేరాలి. ఎవరికైనా చేరకపోతే అందరూ ఆగాలి.

ఈ పద్ధతి పనిచేయాలంటే ఎనిమిది కంప్యూటర్లలో లెక్క అణువంత కూడా తేడా రాకూడదు. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టే విత్తనం కూడా అందరికీ ఒకటే. ఎన్సెంబుల్ ఇంజినీర్లు 2001లో చెప్పిన ఉదాహరణ చూడండి. మ్యాప్ తయారైనప్పుడు ఒక జింక కొంచెం పక్కకు తిరిగి ఉంది. దాంతో అది మేసే దారి కొంచెం మారింది. కొన్ని నిమిషాలకు దాన్ని వేటాడే విలేజర్ (పనివాడు) ఒక కంప్యూటర్‌లో ఈటె గురి తప్పి ఖాళీ చేతులతో ఇంటికెళ్లాడు, ఇంకో కంప్యూటర్‌లో మాంసం తెచ్చాడు. అక్కణ్నుంచి రెండు కంప్యూటర్లలో నడుస్తున్నవి రెండు వేర్వేరు ఆటలు. ఇది పట్టుకోవడానికి ఆట ఎప్పటికప్పుడు చెక్‌సమ్‌లు (ఆట స్థితి మొత్తాన్ని కుదించిన అంకెలు) సరిపోల్చుకుంటుంది. సరిపోలకపోతే "అవుట్ ఆఫ్ సింక్" అని తేల్చి మ్యాచ్ ఆపేస్తుంది.

పాత ఆటలో చేసే ప్రతి చిన్న మార్పూ ఈ లెక్క మీద పడుతుంది. కొత్త రాజ్యానికి పెట్టిన ఒక ప్రత్యేక శక్తి ఏదో ఒక సందర్భంలో రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా లెక్కతేలితే చాలు, ఆ రాజ్యం ఉన్న మ్యాచ్‌లన్నీ ప్రమాదంలో పడినట్టే. అందుకే ప్యాచ్ (ఆటకు సవరణ) వచ్చిన వారంలో సింక్ తప్పడాలు ఎక్కువగా కనిపిస్తాయి. మన వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది. స్టీమ్ లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కు వెళ్లి ఫైళ్లను వెరిఫై చేయించండి. అప్పటికీ తగ్గకపోతే మోడ్‌లన్నీ (ఆటను మార్చడానికి బయటివాళ్లు చేసిన ఫైళ్లు) తీసేసి ఒక మ్యాచ్ ఆడి చూడండి. రంగులు, చెట్ల సైజు మార్చే మోడ్‌లు లెక్క జోలికి రావు. యూనిట్ల అంకెలు మార్చే డేటా మోడ్‌లు అందరి దగ్గరా ఒకటే వెర్షన్ ఉండాలి.

అసలు మెరుగు ఆట చేసేవాళ్ల చేతిలో ఉంది. సింక్ తప్పినప్పుడు "ఆగిపోయింది" అని ఒక పెట్టె చూపించి ఊరుకోకుండా, ఏ టర్న్‌లో, ఏ యూనిట్ దగ్గర తేడా మొదలైందో నమోదు చేసి తనంతట తానే పంపే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే ఫిర్యాదులు వేలల్లో వస్తాయి, ఆధారం ఒక్కటీ రాదు.

ఒకడి ల్యాప్‌టాప్, అందరి ల్యాగ్

లాక్‌స్టెప్‌లో ఉన్న అతి పెద్ద బాధ, అందరిలోకీ నెమ్మదైన కంప్యూటర్ వేగమే మ్యాచ్ వేగం కావడం. మీది ఎంత ఖరీదైన గేమింగ్ పీసీ అయినా లాభం లేదు. డెఫినిటివ్ ఎడిషన్‌లో దీనికో మంచి విరుగుడు పెట్టారు. ర్యాంక్‌డ్ (రేటింగ్ లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లు) ఆడాలంటే ముందు కంప్యూటర్ వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ పరీక్షలో 1000 మార్కులు దాటాలి. మొదట్లో దీన్ని చాలామంది తిట్టారు కానీ నా ఉద్దేశంలో ఈ ఇరవై ఏళ్లలో చేసిన మార్పుల్లో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మేలు చేసింది ఇదే.

దీనిలోనూ కంత ఉంది. పరీక్ష ఛార్జర్ పెట్టి రాస్తారు, మ్యాచ్ బ్యాటరీ మీద ఆడతారు. పవర్ సేవర్‌లోకి వెళ్లిన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ తెలియదు. ఆట చివరి దశైన ఇంపీరియల్ ఏజ్‌లో ఎనిమిదిమందీ సైన్యాలు దింపాక ఒక్కసారిగా అందరికీ ఆట నత్తనడక నడుస్తుంది. ఆడే ముందు ఛార్జర్ పెట్టి, విండోస్ పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఉచితంగా వచ్చే హెచ్చు నాణ్యత గ్రాఫిక్స్ ప్యాక్‌ను తీసేయండి. నీడలు, నీటి మెరుపులు తగ్గిస్తే గ్రాఫిక్ కార్డుకు ఊపిరి ఆడుతుంది కానీ చివర్లో వచ్చే భారం ప్రాసెసర్ మీద, యూనిట్లకు దారులు వెతికే లెక్క మీద పడేది. దానికి సెట్టింగుల్లో మందు లేదు.

ఒకసారి పాస్ అయితే చాలదు. గత కొన్ని మ్యాచ్‌లలో ఎవరి కంప్యూటర్ మిగతావాళ్లను ఎంతసేపు ఆపిందో ఆటకు తెలుసు. ఆ అంకె చూసి నాలుగు జతల (నలుగురికి నలుగురు) మ్యాచ్‌లకు వద్దని, ఒకరితో ఒకరి మ్యాచ్‌కు సరేనని చెప్పగలిగితే బాగుంటుంది.

దూరం సంగతి. పాత ఆటలో, హెచ్‌డీ ఎడిషన్‌లో ఆటగాళ్ల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేవి. రూటర్ పోర్టుల గొడవ ఒకటి, ఎనిమిదిమంది మధ్య 28 జతల కనెక్షన్లలో ఒకటి బాగోకపోయినా అందరికీ ఇబ్బంది కావడం ఇంకొకటి. డెఫినిటివ్ ఎడిషన్‌లో మధ్యలో సర్వర్ ఉంటుంది. ఆట ఇంకా మన కంప్యూటర్లలోనే నడుస్తుంది, ఆజ్ఞలు చేరవేసే పని మాత్రం సర్వర్ చేస్తుంది. 28 జతలు కాస్తా 8 దారులయ్యాయి.

ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కి.మీ. పోయి రావడానికి భౌతికశాస్త్రం విధించిన కనీసం 33 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి చేతికొచ్చేది దానికి రెట్టింపు దగ్గర ఉంటుంది. అదే డాలస్‌లో ఉన్న స్నేహితుడితో హైదరాబాద్‌వాళ్లు శనివారం రాత్రి ఆట పెట్టుకుంటే దూరం 14,400 కి.మీ. కనీసమే 144, నిజంగా వచ్చేది 200 పైమాటే. ఇలాంటి జట్లు లాబీ (తెలిసినవాళ్లను పిలిచి ఆట మొదలుపెట్టే గది) తెరిచేటప్పుడు సర్వర్ ప్రాంతం మనవైపో వాళ్లవైపో పెట్టకుండా ఇంగ్లండ్ వైపు పెట్టి చూడండి. లండన్ ఇటు హైదరాబాద్‌కూ అటు డాలస్‌కూ 7,700 కి.మీ. అటూఇటుగా ఉంటుంది. దూరమంతా ఒక్కరి నెత్తిన పడకుండా ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు.

అయితే పింగ్ (ఇలా పోయి రావడానికి పట్టే సమయం) అంకె ఒక్కటే చూసుకుని బెంబేలెత్తక్కర్లేదు. ఇలాంటి వ్యూహ ఆటల్లో ఆజ్ఞకు 250 మిల్లీసెకన్లు పట్టినా ఆటగాళ్లు గమనించలేదని, 500 దాకా ఆడుకోగలిగారని అప్పటి ఇంజినీర్లే రాశారు. చికాకు పెట్టింది ఎగుడుదిగుడు. ఒకసారి 80, మరుక్షణం 400 అయితే చెయ్యి అలవాటు పడదు. స్థిరంగా 300 ఉన్నా పడుతుంది. మీ నెట్ ఏ రకమో తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ కమాండ్‌ను మైనస్ ఎన్ 100తో, ఏదైనా వెబ్‌సైట్ అడ్రస్ ఇచ్చి నడపండి. చివర్లో వచ్చే సగటును వదిలేసి గరిష్ఠం, కనిష్ఠం మధ్య తేడా చూడండి. తేడా 20, 30 లోపు ఉంటే దిగులు లేదు. 150 దాటుతుంటే తప్పు సర్వర్‌ది కాదు, చాలాసార్లు మీ వైఫైదే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ అరుస్తుంటాయి. ఈథర్‌నెట్ తీగ లాగడం ఉత్తమం, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి.

పడిపోయినవాడు మళ్లీ ఎలా వస్తాడు

డోటా 2లో కరెంటు పోయి వచ్చినా "రీకనెక్ట్" నొక్కి మ్యాచ్‌లోకి దూరొచ్చు. ఏజ్‌లోనూ అదే పెట్టండని అడగడం తేలిక. ఎందుకు కష్టమంటే, అక్కడ సర్వర్ దగ్గర ఆట ఉంది, అడిగినవాడికి ఇస్తుంది. ఇక్కడ సర్వర్ దగ్గర ఉన్నవి ఆజ్ఞలే. తిరిగొచ్చినవాడి కంప్యూటర్ మొదటి నిమిషం నుంచి ఆటనంతా వేగంగా మళ్లీ లెక్కకట్టుకోవాలి, లేదా ఇంకొకరి కంప్యూటర్ నుంచి ఆ క్షణపు ఆట స్థితిని ఫైలుగా తెచ్చుకోవాలి. మొదటి దారిలో 40 నిమిషాల మ్యాచ్‌ను నాలుగు రెట్ల వేగంతో లెక్కకట్టినా 10 నిమిషాలు, అప్పటికి ఆట ఇంకా ముందుకెళ్లి ఉంటుంది. రెండో దారిలో మిగతావాళ్లు కొద్దిసేపు ఆగాలి, పైగా ఆ ఫైలు అచ్చం అలాగే తెరుచుకోవాలి. లాబీ మ్యాచ్‌లలో సేవ్ చేసి, అదే జట్టుతో మళ్లీ కూర్చుని రిస్టోర్ చేసుకునే వీలు ఉంది. స్నేహితుల ఆటకు అది చాలు, ర్యాంక్‌డ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు మళ్లీ కూడరు. నన్నడిగితే ఒక డీఎల్‌సీ ఖర్చు మొత్తం ఈ రెండో దారి మీద పెట్టొచ్చు.

ఆజ్ఞలే దాచే పద్ధతి వల్ల రికార్డింగులు చాలా చిన్న ఫైళ్లుగా వస్తాయి, అది లాభం. ప్యాచ్ వచ్చి ఒక యూనిట్ అంకె మారితే పాత రికార్డింగ్ సరిగ్గా నడవదు, అది నష్టం. మంచి మ్యాచ్ ఉంటే ప్యాచ్ రాకముందే వీడియోగా తీసిపెట్టుకోండి.

మ్యాప్‌హ్యాక్ అనే మోసం పుట్టేది కూడా ఈ పద్ధతి నుంచే. నల్లగా కప్పి ఉన్న ప్రాంతంలో శత్రువు ఏం కడుతున్నాడో మీ కంప్యూటర్‌కు తెలుసు, మీకు చూపించదంతే. ఆ తెర తీసే ప్రోగ్రామ్‌ను సర్వర్ వైపు నుంచి ఆపలేరు, ఎందుకంటే దాచడానికి సర్వర్ దగ్గర ఏమీ లేదు. వాలరెంట్ అనే తుపాకుల ఆటలో కనపడని శత్రువు స్థానాన్ని సర్వర్ పంపకుండా ఆపగలదు. ఏజ్‌లో ఆ దారి మూసుకుపోయింది. పట్టుకోవడమే మిగిలింది. రికార్డింగ్ తెరిచి చూస్తే దొంగ తెలిసిపోతాడు. స్కౌట్ (మ్యాప్ వెతికే గుర్రపు వేగు) ఎటూ వెతక్కుండా తిన్నగా అడవిపంది దగ్గరికి పోతుంది, ఇంకా చూడని గోడ సందు వైపే సైన్యం నడుస్తుంది. ఒక మ్యాచ్‌లో అదృష్టం అనుకోవచ్చు, ఐదు మ్యాచ్‌లలో వరసగా అదృష్టం ఉండదు. రిపోర్ట్ చేసినప్పుడు "మోసం" అని రాసి వదిలేయకుండా ఎన్నో నిమిషంలో ఏ పని అనుమానమో రాయండి. రిపోర్టులు చదివేందుకు మనుషుల్ని పెట్టడం కంపెనీ పని. దానికి ప్రచార విలువ లేదు కాబట్టి ఎప్పుడూ వెనకబడుతుంది.

జోడీ కుదర్చడం

ఎలో (గెలుపోటములను బట్టి ఆటగాడికిచ్చే రేటింగ్) లెక్క సూటిగా ఉంటుంది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడు గెలిచే అవకాశం 64 శాతం, 200 ఉంటే 76, 400 ఉంటే 91. 400 తేడాతో జోడీ కలిపితే పదకొండు మ్యాచ్‌లలో ఒక్కటి కింది వాడు గెలవాలి. ఆ ఒక్క దానికోసం ఎవరూ ఆగరు, ఆట మూసేసి వెళ్లిపోతారు.

పాత ఆటలో చిక్కేమిటంటే జనం తక్కువ, క్యూలు ఎక్కువ. లెక్క కోసం ఇప్పుడు 600 మంది మ్యాచ్ వెతుకుతున్నారు అనుకుందాం. ఒకరితో ఒకరు, రెండు, మూడు, నాలుగు జతలు, ఎంపైర్ వార్స్ (ఊరు ముందే కట్టి ఉండే ఆట) అని ఐదు క్యూలకు పంచితే సగటున 120. మూడు ప్రాంతాలకు పంచితే 40. మీ ఎలోకు అటూఇటూ 100లో ఉండేది అందులో ఆరో ఎనిమిదో. నాలుగు జతల మ్యాచ్‌కు కావాల్సిందే ఎనిమిది మంది. ఇప్పుడు కొత్త ఆట పద్ధతి పెట్టండి, కొత్త ర్యాంకు పట్టిక పెట్టండి అని అడిగేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి. కొత్త క్యూ తెరవాలంటే పాతది ఒకటి మూయాలి.

మ్యాప్ నిషేధాల (ఆడనని ఆటగాడు ముందే పక్కనపెట్టే మ్యాపులు) కథ కూడా ఇంతే. అంతా తెరిచి ఉండే అరేబియా మ్యాప్ ఆడేవాడు చుట్టూ గోడలుండే అరీనా ఆడడు, అరీనావాడు అరేబియా వంక చూడడు. ఇష్టం లేని మ్యాప్ పడగానే లోడింగ్‌లోనే ఆల్ట్, ఎఫ్4 నొక్కి పోయేవాడు ఒక్కడుంటే మిగతా ఏడుగురూ మళ్లీ క్యూలోకి. శిక్షగా కాసేపు క్యూలోకి రానివ్వకపోవడం ఉంది, కానీ మొదటిసారి నెట్ పోయినవాడికీ అలవాటుగా పారిపోయేవాడికీ ఒకే కొలత పనికిరాదు. వారంలో ఎన్నిసార్లు పోయాడు, ఏ మ్యాపుల మీద పోయాడు అని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. నెట్ పోయినవాడు అన్ని మ్యాపుల మీదా పోతాడు.

జట్ల రేటింగ్ ఇంకో తలనొప్పి. 2000, 1000, 1000, 1000 ఉన్న జట్టు సగటు 1250. నలుగురూ 1250 ఉన్న జట్టు సగటూ 1250. కాగితం మీద సమానం, మైదానంలో కాదు. అంచున ఉన్న 2000వాడు ఎదుటివాడిని పన్నెండో నిమిషంలోనే పడగొట్టి పక్కవాడి మీదికి పోతాడు. సగటుతో పాటు జట్టులో అత్యధికానికీ అత్యల్పానికీ ఉన్న తేడాను కూడా ఎదుటి జట్టుతో పోల్చాలి. గెలిచినవాళ్లకు ఇచ్చిన పాయింట్లు, ఓడినవాళ్ల దగ్గర తీసుకున్నవి సమానంగా ఉండాలన్నది రెండో నియమం. అది తప్పితే ఏడాది తిరిగేసరికి అందరి అంకెలూ ఉబ్బుతాయి, ఆ అంకెకు అర్థం పోతుంది.

చేతికి విశ్రాంతి ఎంత ఇవ్వాలి

ఫార్మ్ విషయమే తీసుకోండి. 60 కలపతో కట్టిన ఫార్మ్‌లో 175 ఆహారం ఉంటుంది, హార్స్ కాలర్ పరిశోధిస్తే ఇంకో 75. అయిపోగానే మళ్లీ విత్తాలి. 1999 ఆటలో ఒక్కోదాన్నీ వెతికి క్లిక్ చేయాలి. 2000లో వచ్చిన కాంకరర్స్ అనే అదనపు భాగంలో మిల్లు దగ్గర ముందే డబ్బు కట్టి వరస పెట్టుకునే వీలు ఇచ్చారు. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఒక బటన్ నొక్కితే ఇక దానంతట అదే. ఆట చెడిపోయిందని గొడవ చేసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎండిన పొలాన్ని వెతకడంలో నిర్ణయం ఏమీ లేదు, కళ్లకు శ్రమ తప్ప. ఎన్ని ఫార్మ్‌లు, ఎప్పుడు అనేదే నిర్ణయం, అది ఇంకా మన చేతిలోనే ఉంది. షిఫ్ట్ పట్టుకుని పనులు వరస పెట్టడం, ఏ వనరు మీద ఎంతమంది ఉన్నారో పైన అంకె చూపడం కూడా ఈ కోవలోవే.

స్కౌట్ తనంతట తానే మ్యాప్ తిరిగే ఆటో స్కౌట్ దగ్గర నాకు కొంచెం తేడా ఉంది. గొర్రెలు ముందు దొరకాలా, శత్రువు ముందు దొరకాలా అనేది నిర్ణయమే. అయితే ఆటో స్కౌట్ దారి మనిషి తిప్పే దారికంటే నాసిరకం కాబట్టి కొత్తవాడికి ఊతం, పాతవాడికి ఉపయోగం లేదు. అలా ఉండటమే సరైన కొలత. సహాయం చేసే యంత్రం ఎప్పుడూ మధ్యరకం ఆటగాడి కంటే కింద ఉండాలి. కంట్రోలర్‌తో ఆడేవాళ్లకు విలేజర్లను తనంతట తానే పనులకు పంచే ఏర్పాటు ఎక్స్‌బాక్స్‌లో ఇచ్చారు. అక్కడ అది అవసరం. మౌస్‌తో ఆడే ర్యాంక్‌డ్‌లోకి మాత్రం రానివ్వకూడదు.

ఇక ఆ పాత్‌ఫైండింగ్. 40 నైట్లు ఒక ఇరుకు సందు దాటాలి. ఎవరు ముందు, ఎవరు ఆగాలి, పక్కవాడు కదిలితే దారి మళ్లీ వెతకాలా, ఎన్నిసార్లు వెతకాలి? ఎక్కువసార్లు వెతికితే నెమ్మదైన ల్యాప్‌టాప్ ఆగిపోతుంది, అందరూ ఆగిపోతారు. తక్కువసార్లు వెతికితే నైట్లు ముక్కు ముక్కు తాకించుకుని నిలబడతాయి. రెండు యూనిట్ల మధ్య ఉండాల్సిన ఖాళీ కాస్త తగ్గిస్తే గుంపు బాగా కదులుతుంది, కానీ ఇళ్ల మధ్య సందుల్లోంచి దూరకూడనివి దూరతాయి. ఒకచోట సర్దితే ఇంకోచోట లేస్తుంది. అందుకే "బాగుచేశాం" అని ప్యాచ్ నోట్స్‌లో ఒక వాక్యం రాయడం కాకుండా, స్థిరమైన పరీక్షా మ్యాపులు పెట్టుకుని కొలవాలి. 40 నైట్లు ఎదురుగా 40 నైట్లు, ఆజ్ఞ ఇచ్చాక చివరి నైట్ మొదటి దెబ్బ కొట్టేసరికి ఎన్ని సెకన్లు? 60 మంది ఆర్చర్లు మూడు టైళ్ల గేటు దాటడానికి ఎంత? పారిపోతున్న విలేజర్‌ను స్కౌట్ ఎన్ని దెబ్బలకు అందుకుంది? ప్రతి ప్యాచ్‌కూ ఈ అంకెలు బయటపెడితే కింద వచ్చే గోలలో సగం తగ్గుతుంది.

డబ్బు ఎక్కణ్నుంచి

కొత్త రాజ్యాలు అమ్మకపోతే సర్వర్ల అద్దె ఎవరు కడతారన్నది న్యాయమైన ప్రశ్నే. మంచి డీఎల్‌సీ ఎలా ఉంటుందో 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా చూపించింది. ఒకే ముద్దగా ఉన్న ఇండియన్స్‌ను విడదీసి హిందుస్థానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని చేశారు. ద్రావిడులకు ఇచ్చిన వూట్జ్ స్టీల్ పరిశోధిస్తే పదాతి, అశ్విక దళాల దెబ్బ శత్రువు కవచాన్ని లెక్కచేయదు. ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊళ్లలో నిజామాబాద్ వైపు కోనసముద్రం ఒకటని మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చరిత్రా ఉంది, ఆటలో కొత్త ఎత్తూ ఉంది. 2025లో వచ్చిన త్రీ కింగ్‌డమ్స్‌లో ర్యాంక్‌డ్‌లోకి హీరో యూనిట్లను (ప్రత్యేక శక్తులున్న పేరున్న వీరులను) తెచ్చారు. ఇరవై ఏళ్లుగా ఆ ఆటలో లేని సంగతి అది, గొడవ గట్టిగానే జరిగింది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆట ఈ చిక్కును ఓట్లతో దాటుతోంది. కొత్తది ఏది చేర్చాలన్నా ఆడేవాళ్లలో మొదట్లో 75 శాతం, తర్వాత 70 శాతం ఒప్పుకోవాలి. ఏజ్‌కు అంత కఠినం అక్కర్లేదు, ర్యాంక్‌డ్ నియమాలు మార్చేవాటికి మాత్రం పెడితే చాలు.

పైన చెప్పిన పనులు చేయకపోతే ఏమవుతుందో టీమ్ ఫోర్ట్రెస్ 2లో చూశాం. 2007 నాటి తుపాకుల ఆట, చివరి పెద్ద అప్‌డేట్ 2017 అక్టోబరులో. ఆ తర్వాత గురి తప్పని స్నైపర్ బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్‌లు) సర్వర్లలో నిండిపోయాయి. ఓటుతో బయటికి పంపే ఏర్పాటు ఉన్నా, బాట్లే ఎక్కువైనచోట అవే ఓటేసి మనుషుల్ని పంపించేవి. 2024లో 3 లక్షలకు పైగా సంతకాలతో ఆటగాళ్లు మొరపెట్టుకున్నాక గానీ పెద్ద ఎత్తున బాట్ ఖాతాల ఏరివేత జరగలేదు. అన్నేళ్లూ ఆటలోని పాత్రలకు పెట్టే టోపీల అమ్మకం మాత్రం ఆగలేదు.

చివరగా ఒక్కటి, ఎవరూ అడగనిది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఇంతకాలం బతకడానికి కారణం కంపెనీ కాదు. ఆటగాళ్లను ఆన్‌లైన్‌లో కలిపే తన జోన్ సేవను మైక్రోసాఫ్ట్ 2006లో ఈ ఆటకు ఆపేసింది. ల్యాన్, నేరుగా ఐపీ అడ్రస్ కొట్టి కలిసే వీలు ఆటలోనే ఉండబట్టి గేమ్‌రేంజర్, వూబ్లీ లాంటి బయటి సేవల మీద జనం ఆడుతూనే ఉన్నారు. మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో స్విచ్ ఒకటి, తీగలు నాలుగు ఉంటే చాలు ఆట నడిచింది. విండోస్ 7లో గడ్డి ఊదారంగులోకి, నీళ్లు ఎరుపులోకి మారితే టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ను చంపి ఆడారు. ఆ రంగుల లోపాన్నీ, వైడ్‌స్క్రీన్‌నూ సరిచేసిన యూజర్‌ప్యాచ్ అభిమానులు రాసిందే. 2012లో అభిమానులు చేసిన ఫర్గాటెన్ ఎంపైర్స్ మోడ్ మరుసటి ఏడాది అధికారిక ఎక్స్‌పాన్షన్ అయింది, ఆ పేరుతోనే ఏర్పడ్డ బృందం ఇప్పుడు ఆటను చూసుకుంటోంది. అదే ద క్రూ అనే కారు రేసుల ఆట సంగతి చూడండి. 2024 మార్చి 31న ఉబిసాఫ్ట్ సర్వర్లు ఆపేయగానే డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా మిగల్లేదు. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆజ్ఞలు చేరవేసే సర్వర్ ప్రోగ్రామ్ చేసే పని చిన్నదే, లెక్కలన్నీ మన కంప్యూటర్లే చేస్తున్నాయి కదా. దాన్ని ఆటతో పాటు ఇచ్చేసి, లాబీలో అడ్రస్ కొట్టే ఒక గడి, పాత వెర్షన్ ఎంచుకునే ఒక జాబితా పెడితే సరిపోతుంది. ఆ పని సర్వర్లు మూసే ఏడాది చేస్తామంటే కుదరదు, అప్పటికి చేసే మనుషులు ఉండరు.